చెవిలో హోరు, మణికట్టు మీద సూది

మా ఇంట్లో కూలర్ మృగశిర కార్తెకు అటకెక్కుతుంది. వాన పడినా పడకపోయినా అమ్మకు ఆ లెక్క లెక్కే. పోయిన ఏడు జూన్‌లో కూడా నీళ్లు వంపి, గడ్డి తీసేసి, నేనూ తమ్ముడూ కలిసి దాన్ని పైకెక్కించాం. ఆ రాత్రి రెండింటికి నీళ్లు తాగుదామని లేస్తే నాన్న బయట మెట్ల మీద కూర్చొని ఉన్నాడు.

"ఏమైంది నాన్నా?"

"కూలర్ తీసేసినా సప్పుడు బంద్ అయితలేదురా."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు.

మాది జహనుమా. ఫలక్‌నుమాకి ఇవతల, ఇంజన్‌బౌలి పక్కన. ఆస్మాన్ జా అనే నవాబు కట్టించుకున్న ప్యాలెస్ పేరే మా బస్తీకి వచ్చింది. ఆ మాటకి "లోకాన్ని చూపించేది" అని అర్థమట. లోకం సంగతేమో గానీ, లోకంలోని సప్పుళ్లన్నీ మా గల్లీలో వినిపిస్తాయి. నాన్నది గేట్లు, గ్రిల్స్, షట్టర్లు చేసే వెల్డింగ్ షాపు. ఇరవై రెండేళ్లుగా రోజుకి ఆరేడు గంటలు కటింగ్ మిషన్ పక్కన, గ్రైండర్ పక్కన. కళ్లకు అద్దాలు పెట్టుకుంటాడు. చెవులకు మాత్రం ఏమీ పెట్టుకోడు. పెట్టుకుంటే గిరాకీ చెప్పేది వినపడదంటాడు.

జూన్ పోయింది, జూలై పోయింది, హోరు పోలేదు. కుక్కర్ విజిల్ దూరం నుంచి ఆగకుండా వస్తున్నట్టు ఉంటుందట. పక్కింటి చాచాకి చెబితే "కాన్ బజ్‌రే మియా, సబ్‌కో హోతా" అని తేల్చేశాడు. పగలు పనిలో పడితే గుర్తుండదు. రాత్రి లైటు ఆర్పగానే అదే వస్తుంది. నాలుగు గంటలు పడుకుంటే గొప్ప. ఆగస్టులో ఒకరోజు నిద్రమత్తులో ఉండగా కటింగ్ మిషన్ చక్రం ఆయన గ్లౌజు కొసని లాక్కుంది. వేలికి ఏం కాలేదు. గ్లౌజు ఇంటికి తెచ్చి చూపిస్తే అమ్మ ఆ రోజు అన్నం తినలేదు.

అప్పుడే షాపుకి వచ్చే ఒకాయన ఆక్యుపంక్చర్ సంగతి చెప్పాడు. ఆయన మోకాళ్ల నొప్పి తగ్గిందట. పది సిట్టింగులు, సిట్టింగుకి అయిదు వందలు. నాన్న నన్ను పిలిచి, "కంప్యూటర్ సదువుతున్నవ్ గదా, సూది పనిజేస్తదా లేదా ఒక్క ముక్కల చెప్పు" అన్నాడు. నేను చదివేది సీఎస్‌ఈ సెకండియర్, డాక్టరీ కాదు అని చెప్పినా వినలేదు. ఆ ఒక్క ముక్క కోసం నెల రోజులు చదివాను. అది ఒక్క ముక్కలో చెప్పేది కాదని తెలిశాక మన క్లబ్ వాళ్లు ఆర్టికల్ అడిగారు, కాబట్టి మీకూ చెబుతున్నాను. ఇంగ్లిష్ మీడియం బ్యాచ్‌ని. ఒత్తులు తప్పితే సర్దుకోండి.

ముందు ఈ హోరు ఏంటో చూద్దాం. ఇంగ్లిష్‌లో టిన్నిటస్ అంటారు, ఆయుర్వేదంలో కర్ణనాదం అన్నారు. మా నానమ్మ అయితే "చెవుల గుయ్యిమంటుంది" అంటుంది, నాకైతే అదే కరెక్ట్‌గా అనిపిస్తుంది. బయట సప్పుడు లేకుండానే లోపల వినపడటం. ఇది పిచ్చి కాదు, భ్రమ కూడా కాదు. చెవి లోపల నత్తగుల్లలా చుట్టుకున్న కోక్లియా అనే భాగం ఉంటుంది. అందులో సన్నటి వెంట్రుకల్లాంటి కొసలున్న కణాలు ఒక్కో చెవికి పదిహేను వేల పైచిలుకు ఉంటాయి. సప్పుడు వచ్చినప్పుడు అవి ఊగి, ఆ కదలికను నరానికి కరెంట్ సిగ్నల్‌గా మారుస్తాయి. పెద్ద సప్పుళ్లకి అవి చచ్చిపోతాయి. మనిషికి మళ్లీ మొలవవు. కోడికి మొలుస్తాయి! కోడిపిల్లల్లో ఇది చూసినప్పటి నుంచి సైంటిస్టులు మనిషిలో కూడా మొలిపించాలని తిప్పలు పడుతున్నారు.

కణాలు చచ్చిపోతే వినపడకుండా పోవాలి గానీ లేని సప్పుడు ఎందుకు వినపడాలి? దీనికి ఎక్కువమంది ఒప్పుకునే జవాబు మనకి ఈజీగా అర్థమవుతుంది. ఆన్‌లైన్ క్లాసులో ఎవరైనా మెల్లగా మాట్లాడితే సాఫ్ట్‌వేర్ మైక్ గెయిన్ దానంతట అదే పెంచేస్తుంది చూడండి, అప్పుడు మనిషి గొంతుతో పాటు వెనక ఉన్న స్‌స్‌స్ కూడా పెరుగుతుంది. మెదడు చేసేదీ అదే. ఏ ఫ్రీక్వెన్సీలో చెవి నుంచి సిగ్నల్ రావడం తగ్గిందో అక్కడ గెయిన్ పెంచుతుంది. నరాల్లో ఎప్పుడూ ఉండే చిన్న నాయిస్ పెద్దదై హోరులా వినిపిస్తుంది. అంటే సప్పుడు మొదలైంది చెవిలో అయినా, ఇప్పుడు నడుస్తున్నది మెదడులో.

ఆ నాయిస్ అందరిలోనూ ఉంటుంది. 1953లో హెల్లర్, బెర్గ్‌మన్ అనే ఇద్దరు అమెరికాలో 80 మందిని, చెవులు బాగా ఉన్నవాళ్లనే, ఒక్కొక్కరిగా సౌండ్‌ప్రూఫ్ గదిలో కూర్చోబెట్టి ఏం వినపడితే అది రాయమన్నారు. 94 శాతం మంది ఏదో ఒక సప్పుడు రాశారు. అంటే చాచా చెప్పిందే, సబ్‌కో హోతా. కానీ చాచాకి అది నిద్ర చెడగొట్టలేదు, నాన్నకి చెడగొట్టింది. మిగతా ఆర్టికల్ అంతా ఈ తేడా గురించే.

సెప్టెంబర్‌లో నాన్నని కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి తీసుకెళ్లాను. వినికిడి పరీక్ష చేశారు. ఆ గ్రాఫ్‌ని ఆడియోగ్రామ్ అంటారు. నాన్న గ్రాఫ్ దాదాపు సమంగా వచ్చి 4000 హెర్ట్జ్ దగ్గర గుంటలో పడినట్టు కిందికి దిగి మళ్లీ లేచింది. రెండు చెవులకీ అంతే. సప్పుడు వల్ల చెవి చెడితే గ్రాఫ్ సాధారణంగా ఇలాగే ఉంటుంది. అమెరికాలో నియోష్ అనే సంస్థ లెక్క ప్రకారం 85 డెసిబెల్స్‌లో ఎనిమిది గంటలు ఉండొచ్చు. ఆపైన ప్రతి మూడు డెసిబెల్స్‌కీ టైమ్ సగం అవుతుంది. గుణించుకుంటూ పోతే 100 డెసిబెల్స్ దగ్గర పదిహేను నిమిషాలే. గ్రైండర్ సప్పుడు ఆ దగ్గర్లోనే ఉంటుంది. నాన్నది ఇరవై రెండేళ్లు.

మీరు నవ్వకండి. బాలాపూర్ గణేశ్ ఊరేగింపు మా మెయిన్ రోడ్డు మీద నుంచే చార్మినార్ వైపు వెళ్తుంది, డీజే బండి పక్కన గంటలు గంటలు ఎగిరిన బ్యాచ్‌లో నేనూ ఉన్నాను. ఆ రాత్రంతా నా చెవులు గుయ్యిమన్నాయి, పొద్దునకి తగ్గాయి. తగ్గితే ఏం కాలేదని అనుకునేవాణ్ణి. 2024 అక్టోబర్‌లో హైదరాబాద్ పోలీసులు ఊరేగింపుల్లో డీజేలు బంద్ పెట్టినప్పుడు గ్రూపులో తిట్టినవాళ్లలో కూడా నేనున్నాను. ఇప్పుడు తిట్టను.

ఇక నిద్ర. హోరు పెద్దగా ఉన్నవాళ్లకి నిద్ర ఎక్కువ చెడుతుంది, చిన్నగా ఉన్నవాళ్లకి తక్కువ చెడుతుంది అనుకుంటాం కదా? అంత సూటిగా లేదు. హోరు కొలత దాదాపు ఒకటే ఉన్న ఇద్దరిలో ఒకరు హాయిగా గురక పెడతారు, ఒకరు మెట్ల మీద కూర్చుంటారు. 1990లో జాస్ట్రెబాఫ్ అనే ఆయన చెప్పిన లెక్క ఇది. మెదడు ఒక సప్పుడుని "ఇది ప్రమాదం" అని గుర్తు పెట్టుకుంటే, దాన్ని పక్కన పడేయలేదు, కాపలా కాస్తూనే ఉంటుంది. ఫ్యాన్ సప్పుడు అయిదు నిమిషాల్లో మర్చిపోతాం. దొంగ అడుగు సప్పుడు అంతకంటే చిన్నదైనా మర్చిపోం.

దాని మీద ఇంకోటి పేరుకుంటుంది. రెండు రాత్రులు నిద్ర పట్టకపోతే మూడో రాత్రి "తొందరగా పడుకుంటే కనీసం కొంచెమన్నా పడుతుంది" అని తొమ్మిదిన్నరకే మంచం ఎక్కుతాం. పట్టదు. టైమ్ చూస్తాం. రేపు మిషన్ దగ్గర ఎట్లా అని భయపడతాం. కొన్ని వారాలకి మంచం అంటేనే భయపడే చోటు అయిపోతుంది. స్పీల్‌మన్ అనే నిద్ర శాస్త్రవేత్త 1980లలో చెప్పింది ఇదే. నిద్రలేమిని మొదలుపెట్టిన కారణం వేరు, నడిపిస్తున్న కారణం వేరు. నాన్న కేసులో మొదలుపెట్టింది హోరు. నడిపిస్తున్నది తొమ్మిదిన్నరకి మంచం ఎక్కడం, పొద్దున షాపులో ముప్పావుగంట కునుకు తీయడం, రాత్రి మూడింటికి ఫోన్‌లో టైమ్ చూడటం. అంటే లోపల రెండు లూపులు నడుస్తున్నాయి. ఒకటి హోరు, ఇంకోటి నిద్రలేమి. రెండోదాన్ని ఆపడానికి మొదటిదాన్ని ఆపక్కర్లేదు. నాకు ఇది అర్థమైన రోజు, నాన్న అడిగిన ప్రశ్నలోనే బగ్ ఉందని తెలిసింది. "సూది పనిజేస్తదా" అంటే, దేనికి? హోరుకా, నిద్రకా? జవాబులు వేరు వేరు.

కూలర్ ఎందుకు కాపాడిందో కూడా ఇక్కడే తేలిపోయింది. మార్చి నుంచి జూన్ దాకా ఆ బర్రుమనే సప్పుడులో హోరు కలిసిపోయింది. హోరు అప్పటికే ఉండి ఉంటుంది. మేము కూలర్ తీసి దాన్ని బయటపెట్టాం, అంతే.

ఇప్పుడు సూదుల దగ్గరికి వద్దాం. ఆక్యుపంక్చర్ చైనాలో రెండు వేల ఏళ్లకు పైగా ఉన్న వైద్యం. ఒంట్లో చీ అనే ప్రాణశక్తి దారుల వెంట తిరుగుతుందని, ఆ దారుల మీద ఉన్న బిందువుల్లో సూది గుచ్చితే అడ్డంకి పోతుందని వాళ్ల లెక్క. చెవికి సంబంధించిన అవయవం ఆ వైద్యంలో కిడ్నీ. వయసు మీద పడ్డాక వచ్చే హోరుని కిడ్నీ శక్తి తగ్గడం అంటారు. ఇది మన ఆసుపత్రిలో స్కాన్ చేసే కిడ్నీ కాదు, కాబట్టి కంగారుపడి క్రియాటినిన్ టెస్టుకి పోకండి. హోరుకి చెవి ముందు తింగ్‌గోంగ్ అనే బిందువు ఉంది, "వినికిడి మేడ" అని అర్థం. చెవి తమ్మె వెనక ఇంకోటి. నిద్రకి మణికట్టు ముడత మీద, చిటికెన వేలి వైపు ఉండేది షెన్‌మెన్, అంటే "మనసు వాకిలి". పేర్లు మాత్రం సూపర్. సూది పావు మిల్లీమీటర్ మందం ఉంటుంది, ఇంజక్షన్ సూదిలో మూడో వంతు. గుచ్చి ఇరవై, ముప్పై నిమిషాలు వదిలేస్తారు. బరువుగా, లాగినట్టుగా అనిపిస్తుందని నాన్న చెప్పాడు.

ఇది మన దేశానికి వచ్చిన దారి కూడా చెప్పాలి. 1938లో జపాన్‌తో యుద్ధంలో ఉన్న చైనాకి మన కాంగ్రెస్ అయిదుగురు డాక్టర్లను పంపింది. అందులో ద్వారకానాథ్ కోట్నిస్‌ది సోలాపూర్. మన పద్మశాలీలు వలస వెళ్లి మగ్గాలు పెట్టుకున్న సోలాపూరే, మా పెద్దమ్మ వాళ్లు ఇప్పటికీ అక్కడే. కోట్నిస్ 1942లో ముప్పై రెండేళ్లకే అక్కడ చనిపోయాడు, నాలుగేళ్లకి శాంతారాం ఆయన మీద సినిమా తీశాడు. సూదిని తెచ్చింది మాత్రం ఆయన తోటి డాక్టర్ బిజయ్ కుమార్ బసు. 1958లో మళ్లీ చైనా వెళ్లి నేర్చుకొని వచ్చి కలకత్తాలో మొదలుపెట్టాడు. ఇప్పుడు ప్రకృతి వైద్యం డిగ్రీలో కూడా ఇది నేర్పుతారు. కథ బాగుంది. కానీ కథ బాగుండటం వేరు, పనిచేయడం వేరు.

పనిచేస్తుందా అని తేల్చడం ఎందుకు కష్టమంటే, మాత్ర అయితే పిండి మాత్ర ఇచ్చి పోల్చొచ్చు. సూదికి నకిలీ ఎట్లా? 1998లో స్ట్రైట్‌బెర్గర్ అనే జర్మన్ డాక్టర్ ఒక సూది చేశాడు. సినిమాలో కత్తిలాగా, ఒత్తితే కొస పిడిలోకి వెళ్లిపోతుంది. చర్మానికి చురుక్కుమంటుంది, లోపలికి దిగదు. పేషెంట్‌కి తేడా తెలియదు. ఇట్లాంటివి వాడి, అసలు సూది ఎవరికి, నకిలీ ఎవరికి అని పేషెంట్‌కి తెలియకుండా చేస్తే దాన్ని బ్లైండెడ్ ట్రయల్ అంటారు.

హోరు మీద 2000లో పార్క్, వైట్, ఎర్న్‌స్ట్ అనే ముగ్గురు అప్పటిదాకా జరిగిన ఆరు ట్రయల్స్ తీసి చూశారు. బ్లైండ్ చేయని రెండింటిలో సూది పనిచేసింది. బ్లైండ్ చేసిన నాలుగింటిలో పనిచేయలేదు. నేను ఆ లైన్ మూడుసార్లు చదివాను. ఒకే వైద్యం, ఒకే జబ్బు, తేడా అంతా పేషెంట్‌కి తెలుసా లేదా అన్నదాంట్లో. 2014లో అమెరికా ఈఎన్‌టీ డాక్టర్ల సంఘం హోరు మీద గైడ్‌లైన్ రాసినప్పుడు ఆక్యుపంక్చర్ చేయించుకోమనీ చెప్పలేదు, వద్దనీ చెప్పలేదు. అదే గైడ్‌లైన్ జింకో, జింక్, మెలటోనిన్ లాంటి సప్లిమెంట్లు మాత్రం రాయొద్దని సూటిగా చెప్పింది. మా అమ్మ ఆన్‌లైన్‌లో ఆర్డర్ పెట్టబోయిన డబ్బా అదే.

నిద్ర మీద లెక్క కొంచెం వేరేగా ఉంది. 2012లో కాక్రేన్ వాళ్లు 33 ట్రయల్స్, 2293 మంది లెక్కలు కలిపి చూసి, ట్రయల్సే సరిగ్గా చేయలేదు, అవుననీ కాదనీ చెప్పలేం అన్నారు. ఆ తర్వాత మంచివి కొన్ని వచ్చాయి. 2017లో షాంఘైలో 72 మంది మీద, ఆ పిడిలోకి వెళ్లే సూదితో పోల్చి చేసిన దాంట్లో అసలు సూది వాళ్ల నిద్ర ఎక్కువ మెరుగైంది. 72 మంది చిన్న సంఖ్యే. అయినా హోరు కంటే నిద్ర దగ్గర సూదికి కొంచెం బలం ఉంది.

ఇంత చెబితే నాన్న అడిగిన ప్రశ్నకి నా దగ్గర వెంటనే జవాబు లేదు. "నకిలీ సూది గుచ్చినోళ్లకు గూడ నిద్ర వట్టిందా?"

"కొంచెం పట్టింది."

"మరింకేంది? నాకు అసలైతేంది, నకిలీదైతేంది?"

ఆయన అన్నదాంట్లో పాయింట్ ఉంది. జర్మనీలో నడుము నొప్పి మీద 1162 మందితో చేసిన పెద్ద ట్రయల్ 2007లో వచ్చింది. అసలు సూదులతో 47.6 శాతం మందికి తగ్గింది. ఎక్కడ పడితే అక్కడ పైపైన గుచ్చిన వాళ్లలో 44.2 శాతానికి తగ్గింది. మామూలు మందులు, వ్యాయామంతో 27.4 శాతానికే. అంటే బిందువు ఎక్కడన్నది పెద్ద లెక్క కాదు. కానీ అరగంట ఎవరో ఒకరు నిన్ను పడుకోబెట్టి, నీ మాట విని, ముట్టుకొని చూడటం మాత్రం పనిచేస్తోంది. ఇరవై రెండేళ్లలో నాన్నని పట్టపగలు అరగంట పడుకోబెట్టినవాళ్లు ఎవరున్నారు? అందుకే నేను వద్దనలేదు. "హోరు పోతుందని పోకు. నిద్ర కోసం అయితే ఆరు సిట్టింగులు చూడు, లెక్క నేను రాస్తా" అన్నాను.

ఇక్కడ ఒక చిన్న మెలిక ఉంది. మీకు చెవిలో హోరు ఉంటే ఒకసారి దవడ గట్టిగా బిగించి చూడండి, మెడ పక్కకి తిప్పి చూడండి. చాలామందికి హోరు మారుతుంది. ఎందుకంటే ముఖం, మెడ నుంచి వచ్చే స్పర్శ నరాలు, చెవి నరం వచ్చి కలిసే మెదడు కాండంలోని స్టేషన్‌కే చేరతాయి. అమెరికాలో మిషిగన్ యూనివర్సిటీ వాళ్లు దీన్ని పట్టుకొని, సప్పుడుతో పాటు మెడ మీదో చెంప మీదో చిన్న కరెంట్ పల్స్ టైమింగ్ కలిపి ఇచ్చి 99 మంది మీద చేసిన ట్రయల్ 2023లో వచ్చింది. హోరు తగ్గింది. అది ఆక్యుపంక్చర్ కాదు, దాంట్లో సూదీ లేదు, చీ కూడా లేదు. కానీ చెవి దగ్గర చర్మం మీద చేసే పని చెవిలో హోరుని కదిలించగలదు అన్న ఐడియా మాత్రం గాలి కబురు కాదు.

ఇప్పుడు పోలిక. 2019లో క్యాన్సర్ నుంచి బయటపడ్డ 160 మంది నిద్రలేమి పేషెంట్లని రెండు గుంపులు చేసి, ఒకరికి ఎనిమిది వారాలు ఆక్యుపంక్చర్, ఒకరికి నిద్ర కోసం సీబీటీ ఇచ్చారు. కొలత ఐఎస్ఐ అనే ప్రశ్నావళి. ఏడు ప్రశ్నలు, మొత్తం 28 మార్కులు, ఎక్కువ వస్తే ఎక్కువ బాధ. మన పరీక్షలకి రివర్స్. సూదులతో 8.3 తగ్గింది, సీబీటీతో 10.9 తగ్గింది. రెండూ పనిచేశాయి, రెండోది ఎక్కువ పనిచేసింది. ఇక హోరు వల్ల నిద్ర పోయినవాళ్ల మీదే లండన్‌లో 102 మందితో ఒక ట్రయల్ చేశారు. సీబీటీ గుంపులో 80 శాతానికి పైగా బాగుపడ్డారు, మామూలు ఆడియాలజీ చికిత్సలో 47 శాతం.

సీబీటీ అంటే ఏంటని నాన్న అడిగితే, సైకాలజిస్టు చెప్పే పద్ధతి అన్నాను. "అంటే నన్ను ఎర్రగడ్డకు వంపుతున్నవా?" అన్నాడు. ఈ ఊళ్లో ఆ ఒక్క మాటతో ఎంతమంది వైద్యానికి దూరంగా ఉండిపోయారో. సైకాలజిస్టు దగ్గర జరిగింది చూస్తే నాకే నవ్వొచ్చింది, ఎందుకంటే దాదాపు అంతా టైమ్‌టేబులే. పడుకున్న టైమ్, పట్టిన టైమ్, లేచిన టైమ్ రోజూ రాయాలి. నాన్న ఎనిమిది గంటలు మంచం మీద ఉండి నాలుగున్నర గంటలే పడుకుంటున్నాడు. కాబట్టి మంచం మీద ఉండే టైమ్‌నే కోసేశారు. రాత్రి పన్నెండు నుంచి అయిదున్నర దాకా మాత్రమే. నిద్ర రాకపోతే ఇరవై నిమిషాల్లో లేచి బయటికి రావాలి, వచ్చేదాకా మళ్లీ ఎక్కకూడదు. ఎన్నింటికి పట్టినా లేవడం మాత్రం అయిదున్నరకే, పగలు కునుకు బంద్. వింటే శిక్షలా ఉంటుంది. కానీ మంచం మళ్లీ నిద్రకే గుర్తొచ్చేలా చేయడానికి ఇదే దారి. మంచం నుంచి లేచిపోవాలన్న రూల్ బూట్‌జిన్ అనే ఆయన 1972లోనే చెప్పాడు. నిద్ర నిండుతున్న కొద్దీ పావుగంట చొప్పున పెంచుకుంటూ పోతారు.

దీంతో జాగ్రత్త కూడా ఉండాలి. మొదటి రెండు వారాలు మత్తు ఇంకా పెరుగుతుంది. అందుకే ఆ రెండు వారాలు నాన్న కటింగ్ మిషన్ ముట్టలేదు, మా మామ వచ్చి కోశాడు, నాన్న కొలతలు, బిల్లులు చూసుకున్నాడు. షాపుకి ఆ నెల దెబ్బ పడింది. బండి నడిపేవాళ్లు, మూర్ఛ ఉన్నవాళ్లు డాక్టర్‌ని అడగకుండా ఈ కోత పెట్టుకోకూడదు.

మరి నాన్న లెక్క ఏమైంది? మొదట్లో ఐఎస్ఐ 19. ఆరు సిట్టింగుల సూదుల తర్వాత 15. సూది గుచ్చిన రోజు రాత్రి మాత్రం బాగా పడుకునేవాడు, రెండో రోజుకి మళ్లీ మామూలే. పైగా ఆ వారాల్లోనే దసరాకి షాపు మూసి ఊరికి పోయి వచ్చాం, అంటే రెండు మార్పులు ఒకే కమిట్‌లో పెట్టినట్టు, దేనివల్ల తగ్గిందో నేను చెప్పలేను. మిగతా నాలుగు సిట్టింగులకి నాన్నే పోలేదు. సీబీటీ ఎనిమిది వారాలు అయ్యేసరికి 9. హోరు ఎంత ఉందని అడిగితే, "అంతే ఉంది, కానీ దాని పని అది జేస్కుంటుంది" అన్నాడు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇట్లా ఉంటే సూది కంటే, సీబీటీ కంటే ముందు ఒకటి చూడండి. హోరు ఒక్క చెవిలోనే ఉన్నా, గుండె కొట్టుకున్నట్టు దడదడ వినపడినా, కళ్లు తిరుగుతున్నా ఈఎన్‌టీ దగ్గరికి పోవాల్సిందే. ఒక్కసారిగా వినపడటం తగ్గిపోతే అది ఎమర్జెన్సీ, ఆ రోజే పోవాలి, రోజులు దాటితే మందు పని తగ్గిపోతుంది. సూదులు వేయించుకుంటే ప్యాకెట్ మీ ముందే చింపమనండి, ఒకసారి వాడి పడేసేవే ఉండాలి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు ముందే చెప్పాలి. "హోరు గ్యారంటీగా పోతుంది" అన్నవాళ్ల దగ్గర చెప్పులు వేసుకొని లేచి రండి.

నాన్న ఇప్పుడు షాపులో చెవులకి మఫ్స్ పెట్టుకుంటున్నాడు. గిరాకీ వస్తే భుజం తట్టి పిలవమని కుర్రాడికి చెప్పాడు. ఇంకా కొన్ని రాత్రులు లేస్తాడు, రూల్ ప్రకారం మెట్ల మీదికి వచ్చి కూర్చుంటాడు. చాచాకి కూడా నిద్ర తక్కువే, ఆయనా వచ్చి కూర్చుంటాడు. ఇద్దరూ ఇనుము రేటు మాట్లాడుకుంటారు.

ఈ ఏడు మృగశిరకి కూలర్ అటకెక్కలేదు. గడ్డి తీసేసి, నీళ్లు పోయకుండా, గదిలో ఓ మూల ఖాళీగా తిప్పుతున్నాం. కరెంట్ బిల్లు గురించి అమ్మ రోజూ గొణుగుతుంది. ఆ సప్పుడు మాత్రం నాన్నకి అస్సలు వినపడదట.